బిఫోర్ నవ్వకూడదు

మీ చర్మాన్ని మీరే ప్రేమించుకోండి అని జనానికి పొద్దస్తమానం గుర్తుచేసే యాప్ ఒకటి ఉంది. ఆ యాప్ తయారయ్యే ఆఫీసులో హీటర్‌కి తెలిసిన పనులు రెండే. అస్సలు పనిచెయ్యకుండా కూర్చోవడం, లేదంటే మనుషుల్ని ఎండుటాకుల్లా గలగలలాడేట్టు ఆరబెట్టడం.

"ఇవాళ మీ బుగ్గల్ని పలకరించారా?" అంటుంది యాప్. బుగ్గల్ని ఏమని పలకరించాలో, అవి పలక్కపోతే ఏం చెయ్యాలో చెప్పదు. ఇలాంటి మాటలు సరైన టైముకి, అక్షరాలు తెగిపోకుండా ఫోన్లలో కనిపిస్తున్నాయా లేదా అని చూసే పని మన టెస్టరమ్మది.

టెస్టరమ్మ అని పేరు పెట్టింది వాళ్ళ నాన్న. ఆయన బస్సు నడుపుతాడు. ఉద్యోగమంటే చేతిలో ఒక స్టీరింగైనా ఉండాలని ఆయన నమ్మకం. ఒకచోట కూర్చుని పక్కవాళ్ళ తప్పులు వెతికితే జీతమిస్తారని కూతురు చెప్పినరోజు ఆయన చాలాసేపు ఆలోచించి, "మీ అమ్మ నా దగ్గర ఇన్నేళ్ళుగా ఊరికే చేస్తోందే ఆ పని!" అన్నాడు.

ఆ ఉద్యోగం పర్మనెంట్ కాదు. చేరేటప్పుడు "కొన్నాళ్ళు చూస్తాం" అన్నారు, చూస్తూనే ఉన్నారు. చూసేది ముఖ్యంగా మేడమ్. కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకావిడ, రెండో ఆయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. కాబట్టి మార్కెటింగ్ ఆవిడే, జీతాలు ఆవిడే, గోడకి ఏ రంగు వెయ్యాలో ఆవిడే. రూల్స్ కూడా ఆవిడే. ఒకసారి ఒక ప్రోగ్రామర్ తప్పుల లిస్టులో తన తప్పుల్ని తనే "సరిచేశాను" అని మూసేసుకుంటూ పోతుంటే మేడమ్ మండిపడి, ఇకమీదట ఏ తప్పైనా పట్టుకున్నవాళ్ళే మూసెయ్యాలి, ఇంకెవరూ మూసెయ్యడానికి కుదరకూడదు అని సిస్టమ్‌లోనే తాళం వేయించింది. "నాక్కూడా కుదరకూడదు!" అని గర్వంగా చెప్పింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మేడమ్ మాత్రం మర్చిపోయింది.

చలి మొదలైంది. మేడమ్ అందర్నీ మీటింగు గదిలోకి పిలిచింది. గోడమీద పెద్ద అక్షరాలు: చలిని కౌగిలించుకుందాం. కింద మంచు రంగు సీసాలో కొత్త క్రీము బొమ్మ.

"ఆఫ్టర్ ఫొటో, అంటే క్రీము రాసుకున్నాక మొహం, మన దగ్గర రెడీ," అంది మేడమ్.

రెడీ అంటే రెడీనే. మోడల్ ఖాళీగా ఉందని వానాకాలంలోనే తీసేశారు. అప్పటికి క్రీము ఇంకా ఫ్యాక్టరీలోంచి బయటికి రాలేదు. రాకముందే ఆమెకి గుణం కనిపించింది. అంత పవర్‌ఫుల్ క్రీము.

"ఇప్పుడు నాకు బిఫోర్ కావాలి, రాసుకోకముందుది. నిజమైన మొహం. పగిలిపోయి ఉండాలి. జీవితం మీద ఆశ లేనట్టుండాలి."

డిజైనర్ చెయ్యెత్తాడు. వీడికి నోరు ఊరుకోదు. "మేడమ్, బిఫోర్ ఒకరూ ఆఫ్టర్ ఇంకొకరూ ఎలా?"

"ఇదొక జర్నీ, బాబూ. జర్నీలో మనిషి మారుతుంది కదా."

"మనిషే మారిపోతుందా మేడమ్?"

మేడమ్ వినలేదు. గదంతా కలయజూస్తోంది. అందరూ తలలు దించుకుని, ఎవరినీ చూడనట్టు చూస్తూ, చివరికి టెస్టరమ్మ వైపే చూశారు. పాపం అప్పుడే చలిగాలిలో స్కూటర్ మీద వచ్చింది. ముక్కు ఎర్రగా, బుగ్గలు తెల్లగా పొట్టు లేచి, పెదవులు నీళ్ళు లేని చెరువులా ఉన్నాయి.

"పర్ఫెక్ట్!" అని చప్పట్లు కొట్టింది మేడమ్.

పుట్టి బుద్ధెరిగాక తన మొహం చూసి ఒకరు పర్ఫెక్ట్ అనడం ఇదే మొదలు. సంతోషించాలో, లేచి వెళ్ళిపోవాలో తెలియక టెస్టరమ్మ అలాగే కూర్చుంది.

"ఒక్కటే కండిషన్. ఫొటో తీసేదాకా ఏమీ రాసుకోకూడదు. క్రీము, నూనె, లిప్ బామ్, ఏదీ వద్దు. చేతులు కూడా ఫ్రేములో వస్తాయి. అంతా అథెంటిక్‌గా ఉండాలి. కాంపెయిన్ బయటికెళ్ళిన రోజే నీ పర్మనెంట్ సంగతి నేను చూసుకుంటా. సరేనా, బంగారం?"

"ఫొటో ఎప్పుడు మేడమ్?"

"ఈ వారమే."

ఆఫీసుల్లో "ఈ వారమే" అంటే క్యాలెండర్ చూసి చెప్పే మాట కాదు. పెద్దవాళ్ళు "చల్లగా ఉండు" అన్నట్టు, మనసులోంచి వచ్చే దీవెన. టెస్టరమ్మ అది నమ్మింది. పర్మనెంట్ అనే మాట చెవిన పడ్డాక మనిషికి ఏదైనా నమ్మబుద్ధేస్తుంది.

*

ఇంట్లో ముందుగదంతా అమ్మ టైలరింగే. కిటికీ పక్కన మెషీను, మధ్యలో పొడుగాటి బల్ల, బల్లనిండా గౌన్లూ కోట్లూ లైనింగులూ. సాయంత్రం కూతురు ఆఫీసునుంచి రాగానే ఇద్దరూ బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుంటారు. అమ్మ మెషీను పని ముగించి ఇస్తే, కూతురు సాటిన్ లైనింగ్ అంచులు చేత్తో కుడుతుంది. చెయ్యి పనిచేస్తుంటే నోరు ఖాళీయే కదా. ఏ కస్టమర్ నడుము కొలత ఎన్ని అంగుళాల అబద్ధం చెప్పింది, ఎవరు కొలతలిచ్చాక మళ్ళీ జిమ్‌కి వెళ్ళడం మానేశారు, అన్నీ అక్కడే తేలతాయి. ఇద్దరూ నవ్వి నవ్వి సూదులు పోగొట్టుకుంటారు. నాన్న సోఫాలోంచి "నన్నేనా?" అని అడుగుతుంటాడు. ఒక్కోసారి నిజంగానే ఆయన్నే.

ఆ రోజు టెస్టరమ్మ సాటిన్ మీద చెయ్యి వేసి అలా జరిపిందో లేదో, పర్‌ర్‌ర్ మంది. వేలి పగులుకి దారం తగులుకుని, నున్నటి గుడ్డమీద గీత పడింది.

అమ్మ మెషీను ఆపింది. "ఏమే, చేతులా అవి, గరుకు కాగితాలా?"

"చలికి పగిలాయమ్మా."

"పగిలితే రాసుకోవే పిచ్చిమొహమా." అమ్మ తన జిడ్డు డబ్బా ముందుకి తోసింది. దాని మీద పేరు ఎప్పుడో అరిగిపోయింది. లోపలేముందో అమ్మకీ తెలీదు. అయిపోగానే ఖాళీ డబ్బా తీసుకెళ్ళి షాపువాడికి చూపిస్తుంది, వాడు ఇంకోటిస్తాడు. సాటిన్ ముట్టుకునేముందు ఒక చుక్క చేతికి రుద్దుకుని, బాగా ఇంకాక, తుడుచుకుని పనిలో కూర్చోవడం ఆమె అలవాటు. రుద్దుకున్న చేతులతోనే నాన్న మడమలకీ, తలుపు బందులకీ కూడా రాస్తుంది.

"రాసుకోకూడదు. ఆఫీసు రూలు."

"ఏమిటీ? క్రీములమ్మే ఆఫీసులో క్రీము రాసుకోకూడదా?"

"ఫొటో తీసేదాకా. నేను బిఫోర్‌ని."

ఆ తర్వాత బిఫోర్ అంటే ఏమిటో, ఆఫ్టర్ అంటే ఏమిటో, పర్మనెంట్ ఎక్కడినుంచి వచ్చిందో మొత్తం చెప్పాల్సొచ్చింది. అమ్మ నోరు తెరిచి విన్నది. సోఫాలోంచి నాన్న, "మా డిపోలో కూడా ఈ రూలు పెడితే బావుణ్ణు. డ్రైవర్లెవరూ బస్సెక్కకూడదని," అన్నాడు.

"మీరు ఊరుకోండి," అంది అమ్మ. తర్వాత కూతురి వైపు తిరిగి, గీత పడిన గుడ్డని మడిచి పక్కన పెట్టింది. "ఫొటో అయ్యేదాకా నా బల్ల దగ్గరికి రాకు తల్లీ. కస్టమర్లకి నేను చెప్పుకోలేను."

కోపంగా అన్లేదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది. టెస్టరమ్మ వెళ్ళి సోఫాలో నాన్న పక్కన కూర్చుంది. టీవీలో ఎవరో ఎవరినో తిడుతున్నారు. బల్లమీద దీపం కింద అమ్మ ఒక్కతే కళ్ళు చికిలించి సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

*

వారం వెళ్ళింది. ఇంకో వారం వెళ్ళింది. ఫొటోగ్రాఫర్ పెళ్ళిళ్ళలో బిజీ. తర్వాత వెనకాల గోడ నీలంగా ఉండాలా, మంచునీలంగా ఉండాలా అని చర్చ. నీలానికి ఓటేసినవాళ్ళు మంచునీలంవాళ్ళతో టీ తాగడం మానేశారు. ఒకసారి అంతా కుదిరి, లైట్లు పెట్టి, ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తాక మేడమ్ దగ్గరికొచ్చి టెస్టరమ్మ మొహాన్ని ఇటూ అటూ తిప్పి చూసి పెదవి విరిచింది. "నిన్న వాన పడింది కదా, కొంచెం ఫ్రెష్‌గా ఉన్నావు. ఛ! ఇంకొన్నాళ్ళు ఆగుదాం."

ఫ్రెష్‌గా ఉన్నందుకు అందరి ముందూ సారీ చెప్పింది టెస్టరమ్మ.

ఈలోగా ఆఫీసులో ఆమె పేరే పోయింది. "బిఫోర్ వచ్చిందా?" "బిఫోర్, ఈ స్క్రీన్ కొంచెం చూడవా?" "టీ పెట్టారు, బిఫోర్‌కి చెప్పండి." ఆమె పరీక్ష చేసే ఫోన్లన్నీ బల్లమీద వరసగా పడుకుని, గంట గంటకీ ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తూ, "మీ పెదవులు మీకు థాంక్స్ చెబుతున్నాయి!" అనేవి. ఆమె పెదవులు చెబుతున్న మాటలు వేరు. అవి ఇక్కడ రాయడానికి వీల్లేదు.

అన్నిటికంటే పెద్ద కష్టం నవ్వు. నవ్వితే కింది పెదవి మధ్యలో చిట్లుతుంది, ఉప్పగా రక్తం. డిజైనర్‌గాడేమో నోరు మూసుకోడు. మేడమ్ నడక చేసి చూపిస్తాడు, మంచునీలం పార్టీ నాయకుడిలా ప్రసంగిస్తాడు. అందరూ పడి పడి నవ్వుతుంటే ఈమె రెండు వేళ్ళతో పెదవి పట్టుకుని, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడేది. అది చూసి మేడమ్ మీటింగులో, "ఈ అమ్మాయిలో ఈమధ్య ఎంత మెచ్యూరిటీ వచ్చిందో గమనించారా?" అంది.

ఇంట్లో నవ్వాల్సిన పని ఎలాగూ లేదు. బల్ల దగ్గరికి వెళ్ళడం లేదుగా.

*

చలి తగ్గుముఖం పడుతోందని వార్తల్లో చెప్పిన రోజున మేడమ్‌కి కంగారు పుట్టింది. కౌగిలించుకోవాల్సిన చలి చేజారిపోతోంది. గోడ ఏ రంగులో ఉందో కూడా చూసుకోకుండా ఫొటో తియ్యడానికి కూర్చోబెట్టేశారు.

"ఏదైనా బాధ గుర్తుతెచ్చుకోండి," అన్నాడు ఫొటోగ్రాఫర్.

"బిఫోర్ నవ్వకూడదు," అంది మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "క్రీము లేని జీవితం ఎలా ఉంటుంది? అలా చూడు."

టెస్టరమ్మకి వెతుక్కోనక్కర్లేకుండానే అమ్మ బల్ల గుర్తొచ్చింది. మొహం దానంతటదే వాడిపోయింది. "సూపర్! అలాగే!" అని ఫొటోగ్రాఫర్ టకటకా కొడుతున్నాడు. సరిగ్గా అప్పుడు మేడమ్ చేతిసంచీలోంచి, తేనెలో ముంచినట్టున్న గొంతు గట్టిగా పలికింది:

"హాయ్ అందగత్తే! ఏమిటా దిగులు? ఒక్కసారి నవ్వండి, మీ నవ్వే మీకు మంచి క్రీము!"

యాప్. సొంత యాప్. ఈ మాట సరైన టైముకి వినిపిస్తుందని పరీక్ష చేసి ఓకే కొట్టింది కూడా టెస్టరమ్మే. మేడమ్ సంచీలో చెయ్యిపెట్టి ఫోను కోసం దేవులాడుతోంది. అది దొరకలేదు, "ఇంకా నవ్వలేదా? సిగ్గు పడకండి!" అని మళ్ళీ అడిగింది.

అన్ని వారాలుగా వేళ్ళతో పట్టి ఆపిన నవ్వు ఒక్కసారిగా తెగింది. టెస్టరమ్మ కడుపు పట్టుకుని, స్టూలు మీద వెనక్కి వాలిపోయి, కళ్ళల్లో నీళ్ళొచ్చేట్టు నవ్వింది. పెదవి చిట్లింది. చిట్లితే చిట్లింది. ఫొటోగ్రాఫర్ కొడుతూనే ఉన్నాడు.

ఆ రోజు తీసినవాటిలో దిగులు మొహాలు చూసి డిజైనర్, "మేడమ్, ఇవి పెడితే జనం మనకి పువ్వులు పంపిస్తారు, సంతాపంగా," అన్నాడు. నవ్వుతున్నదాంట్లో పెదవి పగులు, బుగ్గల పొట్టు, వేళ్ళ మీద గీతలు అన్నీ చక్కగా పడ్డాయి. టైము లేదు. మేడమ్ మూతి ముడుచుకుని అదే ఖాయం చేసింది.

"ఇక రాసుకోవచ్చా మేడమ్?"

"ఆగు ఆగు. ముందు జనానికి చూపించి చూద్దాం. మళ్ళీ తియ్యాల్సొస్తే?"

*

ఏదైనా బయటికి వదిలేముందు యాప్ వాడే కొంతమందికి చూపించి అడగడం ఆ ఆఫీసు పద్ధతి. ఏది బిఫోరో ఏది ఆఫ్టరో రాయకుండా, రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, క్రీము రాసుకున్నామె ఎవరో నొక్కండి అన్నారు.

జనం నొక్కారు. దాదాపు అందరూ టెస్టరమ్మనే నొక్కారు.

మోడల్ మొహం నున్నగానే ఉంది పాపం. కానీ ఆ నునుపు చెదరకుండా బిగబట్టుకున్న తీరు, కళ్ళముందే ఆఖరి బస్సు వెళ్ళిపోయినామెలా ఉంది. "ఎడమ వైపు అక్కకి ఏం కష్టమొచ్చిందో," అని ఒకరు రాశారు. "క్రీము రాసుకున్నాక రెండో ఆవిడ ఎంత హాయిగా ఉందో చూడండి, నాక్కూడా అదే కావాలి," అని ఇంకొకరు.

మేడమ్ తెరవైపు చాలాసేపు చూసింది. అందరూ తిట్లకి సిద్ధపడ్డారు. ఆవిడ మొహం మెల్లగా వెలిగింది.

"లేబుల్స్ మార్చెయ్యండి."

"అంటే?" అన్నాడు డిజైనర్.

"ఇటున్న పేరు అటు, అటున్నది ఇటు. ఈమే ఆఫ్టర్."

"మేడమ్, పెదవి పగిలి రక్తం కనిపిస్తోంది."

"జనానికి కనిపించలేదుగా? సహజ సౌందర్యం అని రాయి." టెస్టరమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "బంగారం, ఇక నువ్వే మన మొహం. వీడియోలు చేస్తాం, లైవ్ పెడతాం. ఫొటోలో ఎలా ఉన్నావో అలాగే కనిపించాలి. కాబట్టి సీజనయ్యేదాకా ఏమీ రాసుకోకు."

"అంటే మేడమ్, మన క్రీము రాసుకున్నామె మన క్రీము రాసుకోకూడదు."

"ఎగ్జాక్ట్‌లీ! ఎంత తొందరగా పట్టేశావు! రేపు పొద్దున నువ్వు ఓకే కొట్టు, సాయంత్రానికి నువ్వు పర్మనెంట్."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మ బల్లమీద తెల్ల సాటిన్ గౌను పరుచుకుని ఉంది. పొద్దున్నే ఇచ్చెయ్యాలట. అంచు కుట్టాల్సింది బోలెడుంది. అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని, దారం నోట్లో తడిపి, సూదికి గురిపెడుతోంది, తప్పుతోంది, మళ్ళీ గురిపెడుతోంది. టెస్టరమ్మ చెయ్యి అలవాటుకొద్దీ చాపింది.

"ఆగాగు!" అని అమ్మ గుడ్డని గుండెలకి హత్తుకుంది. పిల్లనెత్తుకున్నట్టు.

కూతురు చెయ్యి వెనక్కి తీసుకుంది. "రేపు పర్మనెంట్ అవుతోందమ్మా."

"ఏది, ఉద్యోగమా?" అమ్మ ఆ చేతుల వైపు చూసింది. "చేతులు కూడానా?"

జిడ్డు డబ్బాని బల్ల అంచు దాకా జరిపింది. టెస్టరమ్మ దాన్ని తెరవకుండా సంచీలో వేసుకుంది.

*

పొద్దున ఆఫీసులో అందరూ తెర చుట్టూ మూగారు. టెస్టరమ్మ ఓకే నొక్కితే చాలు. ఆమె ఓకే పక్కనున్న రెండో బొత్తాం నొక్కింది. తప్పు దొరికింది అని చెప్పే బొత్తాం. టైపు చెయ్యడం మొదలెట్టింది.

తప్పు ఏమిటి: ఆఫ్టర్‌లో ఉన్నామె బిఫోర్. ఎలా తెలిసింది: నేనే కాబట్టి. ఉండాల్సింది: క్రీము రాసుకున్న మనిషి. ఉన్నది: క్రీము రాసుకోనివ్వని మనిషి. ఎంత పెద్ద తప్పు: ఇది సరిచేసేదాకా ఈ కాంపెయిన్ బయటికి వెళ్ళకూడదు.

తెర ఎర్రగా మారింది. చలిని కౌగిలించుకుందాం మీద అడ్డంగా పెద్ద ఎర్ర గీత.

"ఏమిటిది?" అంది మేడమ్.

"బగ్ మేడమ్."

"మూసెయ్."

"సరిచేస్తే మూస్తాను. నేను క్రీము రాసుకుంటాను, తగ్గాక ఫొటో తీద్దాం. అది ఆఫ్టర్."

"దానికి వారాలు పడుతుంది!"

"అవును మేడమ్. వారాలు పడుతుందని సీసా మీద మనమే రాశాం."

డిజైనర్ దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. మేడమ్ ప్రోగ్రామర్ వైపు తిరిగింది. "నువ్వు మూసెయ్."

"కుదరదు మేడమ్. పట్టుకున్నవాళ్ళే మూసెయ్యాలి. మీరే తాళం వేయించారు."

"అయితే నేను మూస్తా!"

"మీక్కూడా కుదరకూడదన్నారు కదా మేడమ్. అందుకే బాగా గట్టిది వేశాను," అన్నాడు ప్రోగ్రామర్. తన తప్పుల్ని తను మూసుకున్న పాత ప్రోగ్రామరే వీడు. ఇంత ఆనందం వీడి మొహంలో ఎవరూ ఎప్పుడూ చూళ్ళేదు.

మేడమ్ గొంతు తగ్గించింది. "చూడు. ఇప్పుడు మూసేస్తే సాయంత్రానికి పర్మనెంట్. లేదంటే ఆ మాట ఇక మర్చిపో."

టెస్టరమ్మ నిజంగానే ఆలోచించింది. చేరినప్పటినుంచీ ఎదురుచూసిన మాట అది, తేలిగ్గా వదిలేది కాదు. తర్వాత సంచీలోంచి పేరు అరిగిపోయిన డబ్బా తీసి, మూత తిప్పి, చూపుడువేలితో కొంచెం తీసుకుని కింది పెదవికి రాసుకుంది. మొదట మండింది. తర్వాత బుగ్గలకి. తర్వాత చేతులకి, ఒక్కో వేలికీ, నిదానంగా, ఆఫీసంతా చూస్తుండగా.

"చలిని కౌగిలించుకుంటున్నాను మేడమ్," అంది.

*

ఆ ఎర్ర గీత పోకముందే చలికాలం కౌగిలి విడిపించుకుని వెళ్ళిపోయింది. గోడమీద అక్షరాలు తీసేసి, ఎండని ముద్దాడుదాం అని పెట్టారు. మేడమ్ ఒకరోజు దారిలో ఆపి, బాగా కమిలిపోయిన మొహం ఒకటి కావాలని, మధ్యాహ్నం మేడమీద కాసేపు నిలబడగలవా అని అడిగింది. టెస్టరమ్మ మర్యాదగా, తన మొహం ఈ సీజన్ సెలవులో ఉందని చెప్పింది.

పర్మనెంట్ చెయ్యలేదు. తీసెయ్యాలని మాత్రం మేడమ్ చాలా గట్టిగా అనుకుంది. కానీ ఆమెని తీసేస్తే ఆ బగ్ మూసే మనిషే ఉండదు, ఎర్ర గీత సిస్టమ్ మొదటి పేజీలో ఎప్పటికీ అలాగే ఉంటుంది అని ప్రోగ్రామర్ వినయంగా చెప్పాడు. తాళం తీసెయ్యమంటే, దానికి వారాలు పడుతుందన్నాడు. అందుకని నెల తిరిగినప్పుడల్లా "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అని ఉద్యోగం పొడిగిస్తున్నారు.

"అంటే ఆ తప్పు సరిదిద్దనంతకాలం నీ ఉద్యోగానికి ఢోకా లేదన్నమాట," అన్నాడు నాన్న, సోఫాలోంచి. "అచ్చం మీ అమ్మలాగే. నేను బాగుపడనంతకాలం ఆమెకీ పనే."

"మీరు ఊరుకోండి," అంది అమ్మ. కూతురి చెయ్యి లాక్కుని, వేళ్ళ కొసలు తన చెంపకి ఆనించి చూసుకుంది. తర్వాత నీలం సాటిన్ లైనింగు బల్లమీద ఆమె ముందుకి తోసింది.

టెస్టరమ్మ అరచెయ్యి గుడ్డమీద పెట్టి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా జరిపింది. ఎక్కడా తగులుకోలేదు, చప్పుడే లేదు.

"ఎవరిదమ్మా ఈ కోటు?"

"ఆ మూలింటి లావుపాటి ఆయనది. సన్నబడ్డాక వేసుకుంటాడట. ఇప్పట్నుంచే చిన్నగా కుట్టమన్నాడు."

"ఓహో, ఆఫ్టర్ కోటన్నమాట!" అని టెస్టరమ్మ నవ్వింది. అమ్మా నవ్వింది. సూది ఎక్కడో పడిపోయింది. నాన్న సోఫాలోంచి తల ఎత్తి, "నన్నేనా?" అన్నాడు.